మూడు చెట్ల ఎండ

పెరట్లో కొబ్బరిచెట్లు కొట్టించాలన్న మాటకి త్రిమూర్తులు కోడలి మీదికి లేచాడు. లేవడం మాటతోనే, పడక్కుర్చీలోంచి కాదు.

ఆ ఉదయమే కోడలు ఆదిలక్ష్మి రెండేళ్ళ తేజను అమలాపురంలో పిల్లల డాక్టరుకి చూపించింది. మనవరాలి కోసం త్రిమూర్తులూ వెళ్ళాడు గాని, మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి బయట బల్ల మీదే కూలబడ్డాడు. డాక్టరే అతనికి మంచినీళ్ళు పంపించారు. లోపల జరిగిందంతా ఆదిలక్ష్మి ఇంటికొచ్చాక చెప్పింది. డి విటమిన్ తక్కువై పిల్ల కాళ్ళు వంగుతున్నాయి. రికెట్స్ అంటారట. గొంతులో కందిగింజలంత గ్రంథులు నాలుగుంటాయట. ఒంట్లో కాల్షియం తగ్గితే అవి హార్మోన్ ఎక్కువ వదిలి, ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో కలిపేస్తాయట. తేజకి ఆ హార్మోన్ మూడింతలుంది.

"మన గొంతులోనే దొంగలా?" అన్నాడు త్రిమూర్తులు.

"చుక్కల మందు రాసేరండి. రోజూ పొద్దున్న గంటసేపు ఎండ కూడా కావాలండి. ఆ మూడు చెట్లూ ఉండగా మన పెరట్లో ఎండెక్కడిదండి, మావయ్యగారూ?"

ఎండ కాలవగట్టు మీద కావలసినంత ఉందని, తానే తీసుకెళ్తానని త్రిమూర్తులు స్కూటర్ తాళం అందుకున్నాడు. బండి మీదైతే గాలికి ఎండ ఒంటికి పట్టదని ఆదిలక్ష్మి తాళం లాక్కుంది. మూడు నెలల్లో హార్మోన్ దిగకపోతే చెట్లు కొట్టించాలన్న షరతు మీద ఇద్దరూ రాజీపడ్డారు.

వీధి చివర కొట్టుకి కూడా బండి తీసే మనిషి పిల్లను భుజాన వేసుకుని గట్టెక్కడం రొయ్యల చెరువు దగ్గర సత్తియ్య చూశాడు.

"బండి అమ్మేసేరా బాబాయ్?"

త్రిమూర్తులు అతనికి నాలుగు గింజల సంగతి వివరించాడు. వారం తిరిగేసరికి ఉప్పలగుప్తంలో సగం మంది గొంతులు తడుముకుంటున్నారు. మొదట్లో త్రిమూర్తులు పది అడుగులకోసారి ఆగేవాడు. రెండో నెలకి కబుర్లు చెబుతూ వంతెన దాకా పోయేవాడు. మబ్బు పట్టిన రోజున కూడా, ఎండ మబ్బు వెనకాల ఉంది కదా అని ఆదిలక్ష్మి వాళ్ళను బయటికి తోలేది.

మూడు నెలలకి మళ్ళీ రక్తం తీశారు. త్రిమూర్తులు ఈసారి పిల్లనెత్తుకుని కోడలికంటే ముందే డాక్టరు గదిలోకి వెళ్ళాడు. హార్మోన్ మామూలుకి వచ్చిందని, కాళ్ళు మెల్లగా సర్దుకుంటాయని డాక్టరు చెప్పారు.

"అదంతా నా ఎండేనండి. ఒక్క పూట మానలేదండి. నా చెట్లు బతికేయండి."

డాక్టరు ఆదిలక్ష్మి వైపు చూశారు. ఆమె గోడ మీద క్యాలెండరు చదువుతోంది.

"పాపకి రాసింది చుక్కలేనండి, నడక మీకు రాసేను."