ఆ టూల్ ఎవరిది?

"మీ మందుల చీటీలు కొన్నాళ్లు నిలిపేయండప్పా" అన్నాడు ఫోన్‌లో ఎవరో. గొంతు బాగా నీరసంగా ఉంది.

మదనపల్లెలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపే శివకుమార్, పోటీ కంపెనీవాళ్లెవరో అనుకున్నాడు. అవతలి మాట పూర్తికాకముందే కట్ చేశాడు.

మర్నాడు పొద్దున్నే కుప్పంలోని ఒక ఆస్పత్రి నుంచి ఫిర్యాదు. మందులెలా వాడాలో రోగులకు తెలుగులో చెప్పేందుకు శివకుమార్ సాఫ్ట్‌వేర్ ముద్రించే చీటీల మీద అక్షరాలే లేవు. వాటి చోట అన్నీ ఖాళీ గళ్లే. మందులిచ్చేవాళ్లు చేత్తో రాసి పంపుతున్నారట.

కారణం రమ్యశ్రీ కనిపెట్టింది. ఆ ఆఫీసులో ప్రోగ్రాములు రాసేది ఆమే. తెలుగు అక్షరాలను ప్రింటర్‌కు పంపే టూల్ వాళ్లది కాదు. ఎవరో అందరి కోసం ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. చీటీ ముద్రించిన ప్రతిసారీ అక్కణ్నుంచే తెచ్చుకుని వాడుకునేవారు.

ఇప్పుడది అక్కడ లేదు.

"ఎవురు తీసేసినారు?" అడిగాడు శివకుమార్.

"దాని ఓనరే, సార్."

"ఓనరెవురు?"

ఇన్నేళ్లూ వాడుకున్నారే గాని, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పాత పేజీలు వెతికితే మొదట రాసినవాడి పేరు దొరికింది. చేతన్. బెంగళూరులో ఉంటాడు. రమ్యశ్రీ ఫోన్ చేస్తే, తాను దాన్ని ఎప్పుడో వదిలేశానన్నాడు. పుంగనూరులో వరదరాజులు అనే ఆయన అడిగితే అప్పగించేశాడట. అప్పటినుంచి జీతభత్యాలు లేకుండా తప్పులు దిద్దుతూ నడుపుతున్నది ఆయనేనట. ఆయన అడ్రసూ, నంబరూ ఇచ్చాడు.

ఆ నంబరు చూసి శివకుమార్ ముఖం ముడుచుకున్నాడు. ముందురోజు తాను కట్ చేసిన ఫోన్ అదే.

తిరిగి చేస్తే స్విచాఫ్.

"బెదిరించి ఏందో గుంజాలని సూస్తాండాడు. నువ్వు పొయ్యి మాట్లాడు. టూల్ మళ్లీ పెట్టించు" అన్నాడు.

రమ్యశ్రీ పుంగనూరు బస్సెక్కింది. ఆమెకూ కోపంగానే ఉంది. ఫోన్ కట్ చేశారని ఆస్పత్రి చీటీలతో ఆటలాడతారా అనుకుంది.

బస్టాండు వెనక సందులో ఇల్లు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురు మాట్లాడకుండా కూర్చుని ఉన్నారు. వరదరాజులు భార్య కౌసల్య ఆమెను లోపలికి పిలిచింది.

"ఆయన నిన్ననే పాయనమ్మా" అంది.

చావింట్లో రమ్యశ్రీకి వచ్చిన పని చెప్పడానికి మనసొప్పలేదు. కానీ కౌసల్యే అడిగింది, ఎక్కణ్నుంచి వచ్చావని. చెప్పక తప్పలేదు.

"చీటీ కింద నంబరుండే వోళ్లా?" అంది కౌసల్య. "ఆస్పత్రి మంచం మీద నుంచే తీసేసినాడు. పండుకో అంటే ఇనలా. ఆపండని చెప్తే ఎవురూ ఇనలేదు, ఇంక ఇదొకటే దావ అన్నాడు."

"యాల ఆపాలమ్మా?"

కౌసల్య తనకు తెలిసినంత చెప్పింది. పొడుగు మాట కాగితం అంచుకు చేరితే దాని తోక తెగిపోతోందట. 'తిండి తినకుండా వేసుకోవద్దు' అని పడాల్సిన చోట 'తిండి తినకుండా వేసుకో' అని పడిందట. సుగర్ మాత్రల చీటీ మీద.

అలాంటి చీటీలు ఎంతమంది చేతుల్లోకి పోయాయో రమ్యశ్రీకి తెలియదు.

"అట్ల ఏసుకున్నోళ్లకు ఎవురికైనా ఏమన్నా అయిందా?" అని మెల్లగా అడిగింది.

కౌసల్య నేల చూస్తూ చెప్పింది.

"మా అన్నోళ్లింటికని కుప్పం పొయ్యుంటిమి. సుగర్ ఎక్కువైతే ఆడి ఆస్పత్రిలో మాత్రలిచ్చిరి. కళ్లజోడు లేకుంటే ఆయనకు ఆనదు, నేనే చీటీ సదివి పరగడుపున ఇచ్చినా. మెట్ల మీద కండ్లు తిరిగి పడిపాయ. 'నువ్వు సరిగ్గానే సదివినావు కౌసల్యా, తప్పు నా అక్షరాలది' అంటానే పాయనమ్మా."