ఖాళీ గడి

"అక్కా, ఖాళీ గడితో టెస్ట్ చేశావా?"

"ఖాళీగా ఎవరు వదిలేస్తారే? అందరికీ ఎవరో ఒకరు ఉంటారుగా!" అంది ప్రోగ్రామర్, లాప్‌టాప్ మీంచి కళ్లు తిప్పకుండానే.

ఫోన్లో అవతల ఉన్నది ఆమె కంపెనీలోనే పనిచేసే టెస్టర్. ఆఫీసులో అందరూ ఆ అమ్మాయిని 'భూతద్దం' అంటారు. తప్పు ఎక్కడ నక్కినా చెవి పట్టుకుని లాక్కొస్తుంది.

"అయినా ఒకసారి పెట్టి చూడక్కా."

"సాయంత్రానికల్లా లైవ్‌లో పెట్టాలి. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ పొద్దుట్నుంచీ ప్రాణం తోడేస్తున్నాడు."

"సరే, కోడ్ నాకు పంపు. రేపు ఆదివారమేగా, నేనే చూస్తా. ఇంతకీ నీ తోడెవరు?"

"ఉన్నార్లేవే" అని ఫోన్ పెట్టేసింది.

యాప్ చాలా చిన్నది. ఆ అపార్ట్‌మెంట్లో ఒంటరిగా ఉండేవాళ్లు ఆమెతో కలిపి ఇరవై ముగ్గురు. రోజూ పొద్దున పదిలోపు ఫోన్లో 'బాగున్నాను' అనే బటన్ నొక్కాలి. ఎవరైనా నొక్కకపోతే, వాళ్లు 'తోడు' అనే గడిలో రాసుకున్న మనిషికి మెసేజ్ వెళ్తుంది. ఆ తోడు కూడా ఈ ఇరవై ముగ్గురిలోని వాళ్లే అయ్యుండాలి. వెళ్లి తలుపు తట్టాలిగా మరి! దీనికంటూ సొంతంగా ఒక సర్వర్ అక్కర్లేదు. ప్రోగ్రాము క్లౌడ్‌లో ఎక్కడో పడుకుని ఉంటుంది. పదింటికి లేచి లిస్టు చూసి, పనుంటే చేసి, మళ్లీ ముసుగు తన్నుతుంది.

సాయంత్రం ఆమె పేర్లన్నీ ఎక్కించింది. క్లారినెట్ వాయించే పెద్దాయన టైలరమ్మ పేరు రాశాడు. టైలరమ్మేమో పక్కింటి నర్సు పేరు రాసింది. ఈ పేర్లన్నీ ఫారాల మీద చూడ్డమే గానీ, మనుషులతో ఆమె రెండు ముక్కలు మాట్లాడింది లేదు. లిఫ్టులో ఎదురైతే అందరూ అంతస్తుల అంకెల వైపే చూస్తారు. ఆమె కూడా అంతే.

తన పేరు ఎవరైనా రాశారేమోనని వెతికింది. లేదు. క్లారినెట్ పెద్దాయన పేరూ ఎవరూ రాయలేదు.

ఆఖరున తన వంతు వచ్చింది. తోడు గడిలో నర్సు పేరు కొట్టి, చెరిపేసింది. అడక్కుండా ఎలా రాస్తాం? అడుగుదామంటే నోరు రాదు. ఖాళీగానే వదిలేసి సేవ్ నొక్కింది. ప్రోగ్రాము కిక్కురుమనకుండా తీసుకుంది. అప్పుడే యాప్‌ని లైవ్‌లో పెట్టి, సెక్రటరీకి ఆ మాట చెప్పి పడుకుంది.

పొద్దున తొమ్మిదీ యాభైకల్లా తెర మీద ఇరవై రెండు పేర్లు పచ్చబడ్డాయి. మిగిలింది తనొక్కతే. బటన్ మీదికి వెళ్లిన వేలు ఆగిపోయింది. తను నొక్కకపోతే ఎవరికీ ఏమీ తెలియదన్న సంగతి ఒక్కసారి కళ్లారా చూడాలనిపించింది. చెయ్యి ఊరుకోదని ఫోన్ సైలెంట్‌లో పెట్టి దిండు కింద దోపింది. లాప్‌టాప్ మూసేసింది.

పదయింది. ఏమీ జరగలేదు. ఫ్రిజ్ గుర్రుమంటోంది, అంతే. 'కోడ్ సరిగ్గానే పనిచేసింది' అనుకుంది. ఏడుపొచ్చింది. ఏడుస్తున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

పదీ మూడుకి కాలింగ్ బెల్ మోగింది. ఆ వెంటనే తలుపు మీద దబదబా బాదుడు.

కళ్లు తుడుచుకుని తీసింది. క్లారినెట్ పెద్దాయన ఎగశ్వాసతో నిలబడి ఉన్నాడు. ఒక కాలికే చెప్పుంది. ఆయన వెనక మెడలో టేపుతో టైలరమ్మ, బీపీ మిషన్‌తో నర్సు. వాళ్ల వెనక మెట్ల మలుపు దాకా తలలే తలలు.

"బాగానే ఉన్నావా తల్లీ? తియ్యకపోతే తలుపు పగలగొట్టేద్దామనుకున్నాం!" అన్నాడు పెద్దాయన.

"నాకేమీ కాలేదండీ. మీకెవరు చెప్పారు?"

"మెసేజ్ వచ్చిందిగా" అంది టైలరమ్మ.

"నాకూ వచ్చింది" అంది నర్సు. "నాకూ", "నాకూను" అన్నారు మెట్ల మీదివాళ్లు.

పెద్దాయన ఫోన్ తీసి చూపించాడు. 'మిమ్మల్ని తోడుగా రాసుకున్నవారు ఇవాళ పలకలేదు. వెళ్లి తలుపు తట్టండి' అని ఉంది. కింద ఆమె పేరు, ఫ్లాట్ నంబరు.

"నన్ను కూడా ఒకరు రాసుకున్నారని తెలిసి, రెండో చెప్పు వేసుకోవడమే మర్చిపోయానమ్మా" అన్నాడు.

నర్సు ఆమెని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టింది. దిండు కింద మిణుకుమిణుకుమంటున్న ఫోన్ తీసి చేతికిచ్చింది.

ఎత్తగానే అవతల భూతద్దం గొంతు చించుకుంటోంది. "అక్కా, కొంప మునిగింది! గడి ఖాళీగా ఉంటే నీ ప్రోగ్రాము ఎవరూ లేరనుకోవట్లేదు, అందరూ ఉన్నారనుకుంటోంది!"