పేరు పెట్టి పాడే పాట

“మల్లక్క పాడుతనన్నదా మామా? నిజంగనేనా?”

కోరుట్ల బస్టాండులో బ్యాగు కింద పెట్టకముందే అక్షిత అడిగిన మొదటి మాట అది. మేనమామ సాగర్ బండి స్టార్టు చేస్తూ, “అన్నది. ఎక్కు,” అన్నాడు.

అంత ముక్తసరిగా మాట్లాడే మనిషి కాదు సాగర్. కోరుట్ల నుంచి ముత్యంపేట దాకా ఊరి కబుర్లన్నీ చెప్పి, మేనకోడలిని ఆటపట్టించి గానీ ఊరుకోడు. ఈ రోజు ఆ సందడి లేదన్న సంగతి అక్షిత పట్టించుకోలేదు. ఆమె ధ్యాసంతా పాట మీదే ఉంది.

హైదరాబాదు పక్కన ఒక లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలో సంగీతం చదువుతోంది అక్షిత. ఆఖరి ఏడు. కచేరీ ఇస్తేనే డిగ్రీ. తోటివాళ్ళు రాగాలూ గిటార్లూ ఎంచుకుంటే, తను మాత్రం చావింట్లో ఆడవాళ్ళు పాడే శోకం పాడతానంది. అక్కడా ఇక్కడా విన్న ముక్కలు పోగేసి ఒకసారి పాడింది కూడా. పాఠం చెప్పే నాహీద్ మేడం కళ్ళు మూసుకుని విని, “గొంతు బాగుంది, శోకమే లేదు. ఎవరైనా పెద్దామె పక్కన కూర్చుని నేర్చుకుని రా. లేదంటే కచేరీకి వేరే పాట చూసుకో,” అంది.

ఆ పెద్దామె మల్లక్క. అక్షిత వాళ్ళ వాడకట్టే. ఊళ్ళో ఎవరు పోయినా ముందు మల్లక్కకే కబురు వెళ్తుంది. ఆమె నోరు తెరిస్తే పగవాడు కూడా కళ్ళు తుడుచుకుంటాడు. తనకంటే చిన్నవాడు ఎవరు పోయినా ఆమె పాటలో కొడుకే. కానీ చావు లేని ఇంట్లో ఒక్క ముక్క పాడమంటే పాడదు. మొన్న సెలవుల్లో అక్షిత ఎంతో బతిమాలింది.

“చదువు కోసం పెద్దమ్మా. ఒక్కసారి పాడు, రికార్డు చేసుకుంట.”

“శోకం గట్ల ఉత్తగ పాడరు బిడ్డా. పేరు పెట్టి పాడాలె. ఎవలు పోయిన్రో ఆళ్ల పేరు.”

“ఏదో ఒక పేరు పెట్టరాదు.”

మల్లక్క కొంగుతో మొహం తుడుచుకుంది. “ఉత్తగ నోరు తెరిస్తె నాకు ఒక్కటే పేరు అస్తది. గది నేను పలుక,” అని లేచి వెళ్ళిపోయింది.

ఆ పేరు ప్రకాశ్. మల్లక్క ఒక్కగానొక్క కొడుకు. మస్కట్ వెళ్ళాడు, కంపెనీ నుంచి బయటపడ్డాడని తెలిసింది, ఆ తర్వాత ఫోనూ లేదు, మనిషీ లేడు. ఏళ్ళు గడిచాయి. అందరి చావులకూ పాడిన ఆ తల్లి కొడుకు పేరు మాత్రం పాటలోకి రానివ్వలేదు. పాడితే తన చేతులతో చంపుకున్నట్టేనని ఆమె భయం.

అందుకే నిన్న అమ్మ బాలలక్ష్మి ఫోన్ చేసి, “మల్లక్క పాడుతదట, పొద్దుగాల బస్సుకు రా,” అంటే అక్షిత నమ్మలేకపోయింది.

ఫ్యాక్టరీ రోడ్డు దగ్గర సాగర్ ఫోన్ మోగింది. బండి ఆపి పక్కకు వెళ్ళి మాట్లాడాడు. “శంషాబాద్ల కాయిదాల పని అయిపోయిందా... అంబులెన్సు ఎక్కడిదాక అచ్చింది...” గాలికి ఆ రెండు మాటలే వినిపించాయి.

మల్లక్క ఎందుకు ఒప్పుకుందో అప్పుడు అక్షితకు అర్థమైంది.

“మామా, ప్రకాశన్న...”

“ఇంటికి పోదాం పా బిడ్డా.” సాగర్ కళ్ళు ఎర్రబడ్డాయి. ప్రకాశ్, అతనూ ఒకే బడిలో చదువుకున్నారు.

బండి వెనక కూర్చుని అక్షిత సిగ్గుపడింది. ఏడాదిగా తను కోరుకున్న పాట దొరకబోతోంది, అదీ ఒక తల్లి కొడుకు పోయినందుకు. అయినా చెయ్యి దానంతటదే రికార్డరులో బ్యాటరీ చూసింది. దానికి ఇంకా సిగ్గేసింది.

దుబాయిలో ఉన్న తండ్రికి వాయిస్ మెసేజ్ పెట్టింది. “బాపూ, ప్రకాశన్న సంగతి తెలిసిందా? మల్లక్క పాడుతదట. డ్యూటీ దిగినంక ఫోన్ చెయ్యి.” పాట పాడితె పూటెల్లుతదా అని వాడకట్టంతా ఎగతాళి చేసినప్పుడు, చదవనియ్యిర్రి అన్నది బాపు ఒక్కడే.

ఇల్లు చేరేసరికి వాకిలి నిండా ఆడవాళ్ళు. మల్లక్కది ఒక్క గది ఇల్లు, అందుకే ఇక్కడ చేరారనుకుంది. పొయ్యి ముట్టించలేదు, పక్కింటి గంగమ్మ చాయ్ తెచ్చి చేతిలో పెట్టింది. గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ ఆమెను చూసి కొంగు మొహం మీదికి లాక్కుంది. అమ్మకూ మల్లక్కకూ అంత స్నేహం మరి.

అక్షిత చాయ్ పక్కన పెట్టి మల్లక్క ముందు కూర్చుని చేతులు పట్టుకుంది.

“పెద్దమ్మా, నీకు మనసు లేకుంటె వద్దు. నా కచేరీ ఎటన్న పోనీ. నీకంటె ఎక్కువనా నాకు?”

మల్లక్క ఆమె తల నిమిరింది. “నీ మనసు మంచిది బిడ్డా. ఇయ్యాల పాడాలె. గా మిషిని సంచిల పెట్టు. నా పక్కకు కూసో, నా ఎంబడి అను. శోకం గట్లనే నేర్చుకుంటరు.”

అక్షిత రికార్డరు సంచిలో పెట్టేసింది.

“పెట్టెల పండుకొని అస్తివా కొడుకా, పిలిస్తె పలుకవైతివి,” అని ఎత్తుకుంది మల్లక్క.

అక్షిత వెంట అన్నది. ప్రకాశన్న మొహం గుర్తొచ్చి గొంతు వణికింది. చుట్టూ ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. ఇన్నాళ్ళూ రాని శోకం గొంతులోకి రావడం ఆమెకే తెలిసింది, భయమేసింది.

మల్లక్క పాట ఆపి ఆమెను ఒడిలోకి లాక్కుంది. “ఇగ పేరు పెడుత బిడ్డా,” అని గట్టిగా పట్టుకుని, పేరు పెట్టి పాడింది.

ఆ పేరు బాపుది.