ఒక పాటకి ఒకే ఫోను

"పాత ఫోనుకి ఏమైంది?" అనడిగింది వసంతకుమారి ఆంటీ, జ్వరం ఎప్పట్నుంచి అని అడిగినట్టు.

మెట్రోలో కిందపడి పగిలిందని చెప్పాడు నోయల్. ఎప్పుడు, ఏ స్టేషన్లో, పక్కన ఎవరున్నారు, అన్నీ రాబట్టుకుంటే గానీ ఆవిడ కొత్త ఫోన్లో పాట తెరవనివ్వదు. ముప్పై ఏళ్ళు ఢిల్లీ ఆసుపత్రిలో చేసి హెడ్ నర్సుగా దిగింది. అన్నాళ్ళూ మందుల బీరువా తాళాలు ఆవిడ నడుముకే ఉండేవి. రిటైరయ్యాక ఎనిమిది క్రైస్తవ గీతాలు రాసింది. విజయవాడ వెళ్ళి, పేరున్న వాయిద్యగాళ్ళని పెట్టి రికార్డు చేయించింది. తనే పాడింది. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు సుధీర్ వెబ్‌సైట్ ఒకటి తయారుచేసి వాటిని అమ్మకానికి పెట్టాడు. కొన్నవాడి ఫోన్లో తప్ప ఇంకెక్కడా మోగవు. ఒకరికి పంపడానికి లేదు, దాచుకోడానికి లేదు. నెట్ లేకపోతే కొన్నవాడికి కూడా దిక్కులేదు.

నోయల్ ఢిల్లీలోనే కటవారియా సరాయ్‌లో గది తీసుకుని మూడేళ్ళుగా సివిల్స్ రాస్తున్నాడు. పరీక్షతో తప్ప అన్నిటితోనూ పోరాడతాడు. ఇవాళ ద్వారకలో ఆంటీ ఇంటి దాకా వచ్చింది ఫోను కోసం కాదు. వాళ్ళ పెదనాన్న కూతురు ఫెయిత్‌కి వచ్చే శనివారం పెళ్ళి. ఆంటీ రాసిన మూడో పాట ఆ పెళ్ళిలో ఉండి తీరాలని ఫెయిత్ పట్టు పట్టింది. చర్చి హాలేమో బేస్‌మెంట్లో ఉంది. అక్కడ సిగ్నల్ రాదు. పాట ఫైలుగా చేతికి రావాలి.

"లాక్ తీసేసి అమ్మండి ఆంటీ," అన్నాడు. "డబ్బిచ్చి కొన్నాక ఆ పాట మాది. కుక్కర్ అమ్మినవాడు ఎవరి పొయ్యి మీద పెట్టాలో చెప్తాడా?"

"మందులమ్మినవాడు చెప్తాడు. చీటీ ఎవరి పేరున ఉంటే వాళ్ళే మింగాలి."

"పాట మందేంటండీ?"

"నాది మందే."

ఒకడు కొని పదిమందికి పంపితే తన కష్టం ఏమైపోవాలని ఆవిడ అడిగింది. పంపితే పది ఇళ్ళల్లో మోగుతుంది, లేకపోతే మీ కంప్యూటర్లోనే మూలుగుతుంది అన్నాడు నోయల్. పెద్ద పెద్ద కంపెనీలే లాకులు పీకేసి పాటలు అమ్ముకున్నాయని, కొనేవాణ్ణి దొంగలా చూసేవాడు వ్యాపారం చెయ్యకూడదని గంటసేపు వాయించాడు. ఆవిడ టీ ఇచ్చి పంపేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక నోయల్ కాగితం తీశాడు. 'కొన్న పాట కొన్నవాళ్ళదే' అని పైన పెద్దక్షరాలతో రాసి సంతకాలకి పెట్టాడు. పదిమంది పెడితే గొప్ప అనుకున్నాడు. వరస గుమ్మం దాటి మెట్ల మీదకి పోయింది. డ్యూటీ దిగి నిద్రకళ్ళతో వచ్చిన నర్సులు కూడా నిలబడ్డారు. కాగితం చాలకపోతే చర్చిలో కీబోర్డు వాయించే రూబెన్ ఇంకోటి తెచ్చి అతికించాడు. అంద్రెయ పాస్టరు గారు చుట్టూ ఒకసారి చూసి పెట్టారు. ఆంటీ భర్త ధర్మయ్య గారు రెండుసార్లు పెట్టారు.

ఆ కాగితం పట్టుకుని అందరూ కలిసి ఆంటీ ఇంటికి వెళ్ళారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పేరు పేరునా చదివి, భర్త సంతకం దగ్గర ఆగింది.

"మీరు కూడానా?"

"నాకు రోజూ ఇంట్లోనే దొరుకుతుంది," అన్నాడు ధర్మయ్య. "జనం సంగతి కూడా చూడాలి కదా."

ఆంటీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తన పాటంటే ఇంతమందికి ఇంత ప్రాణమని తెలియలేదంది. దాంతో తలా ఒకటి అందుకున్నారు. ఆ మాటలు వింటే గుండె కరుగుతుందన్నారు నర్సులు. ఫ్లూట్ ఎత్తుకోగానే ఒళ్ళు జలదరిస్తుందన్నాడు రూబెన్. పాస్టరు గారు తబలా గురించి చాలాసేపు మాట్లాడారు.

"ఇంత ఇష్టపడుతుంటే ఫైలెందుకు?" అంది ఆంటీ. "పెళ్ళికి నేనే వచ్చి పాడతాను."

ఫెయిత్ నోయల్ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీరొస్తానంటే కాదనేదెవరు?" అన్నాడు నోయల్ తేరుకుని. "కానీ ఆంటీ, ఇవాళ మా ఇంటి పెళ్ళి, రేపు ఇంకోళ్ళ బాప్తిస్మం, ఎల్లుండి గృహప్రవేశం. ఈ వయసులో మిమ్మల్ని ఢిల్లీ అంతా తిప్పుతామా? అయినా ఇది మీరు పాడటం గురించి కాదు. హక్కు గురించి."

"మీరు ముందు వరసలో పెద్దదిక్కుగా కూర్చోవాలమ్మా," అన్నారు పాస్టరు గారు.

"నాకు ఫైల్ ఒక్కటి చాలు ఆంటీ," అంది ఫెయిత్. వసంత్ కుంజ్‌లో పుట్టి పెరిగిన పిల్ల, గాబరా పడితే హిందీ వచ్చేస్తుంది. "ఔర్ కుఛ్ నహీ చాహియే, ప్లీజ్."

ఆంటీ వార్డు రౌండుకొచ్చినట్టు ఒక్కొక్కరి మొహం చూసింది. తర్వాత సుధీర్‌కి ఫోన్ చేసింది. ఎనిమిదిటికీ లాక్ తీసెయ్యమంది. అటువైపు వాడు కాపీ కొట్టేస్తారని ఏదో గొణిగాడు.

"దొంగలు కాదురా," అంది ఆవిడ. "నా మనుషులు."

బుధవారానికి పాటలు ఏ అడ్డూ లేకుండా అమ్మకానికొచ్చాయి. ఒకరు కొంటే అందరూ పంచుకోవచ్చని నోయల్ చెవినిల్లు కట్టుకుని చెప్పినా ఎవరూ వినలేదు. ఆంటీ మొహం గుర్తొచ్చి ఎవరి డబ్బుతో వాళ్ళే కొనుక్కున్నారు. లాక్ ఉన్నన్నాళ్ళూ అమ్ముడుపోనన్ని ఒక్క పూటలో పోయాయి. ఆవిడే నోయల్‌కి ఫోన్ చేసి, నీ మాటే గెలిచిందిరా అబ్బాయ్, మనుషుల్ని నమ్మాలి అంది.

నోయల్ ఆ ఫోన్ పెట్టేసి మూడో పాట రూబెన్‌కి పంపాడు.

అందులోంచి ఆంటీ గొంతు తీసేయడానికి రూబెన్‌కి పావుగంట పట్టింది.