మొదటి పాట

"ఈ గదిలో తెలుగువాళ్లం మనిద్దరమే కదన్నా. ఈ తెలుగు పాట ఎవరి కోసం?" అని ఆ శుక్రవారం ఉదయకిరణ్ అడిగేశాడు.

పీరయ్య నవ్వి, పాట మళ్లీ ఎత్తుకున్నాడు.

సౌదీలోని బురైదాలో ఒక ఖర్జూరపు తోట వెనక, డ్రైవర్ల గదుల్లో అదొకటి. చాప మీద ముగ్గురు ఫిలిప్పీన్సు వాళ్లు, ఆస్పత్రిలో ఊడ్చే ఇద్దరు ఇథియోపియా ఆడవాళ్లు, ఒక పాకిస్తానీ పంజాబీ. ప్రార్థన చేస్తూ దొరికితే జైలు, ఆపైన దేశం నుంచి గెంటివేత. అయినా వీళ్లంతా నోరు తిరగని తెలుగులో "దూరమైన ఊరు దగ్గర చేయి దేవా" అని గొంతెత్తి పాడుతున్నారు. అర్థం ఒక్కరికీ తెలీదు. పైగా కిటికీ బార్లా తెరిచి.

పీరయ్య ఏసీ మెకానిక్. నాలుగో తరగతి దాటలేదు. కువైట్ యుద్ధం ముగిసిన ఏడాది దమ్మామ్ లేబర్ క్యాంపులో నలుగురితో ప్రార్థన మొదలుపెట్టాడు. అక్కడ అది నిలదొక్కుకోగానే కంపెనీ వాళ్ల కాళ్లావేళ్లా పడి అల్ ఖర్జ్‌కు మార్పించుకున్నాడు. అక్కడ పాల ఫారాల్లో రెండు గుంపులు తయారయ్యాయి. మళ్లీ అడిగి బురైదా వచ్చాడు. ఆనాటి అపొస్తలులు కూడా ఇలాగే కదా ఊరూరా తిరిగింది అనుకుంటే, కంపెనీ ఆఫీసులో లెక్కలు రాసుకునే ఉదయకిరణ్‌కు ఒళ్లు పులకరించేది.

మనిషి మెత్తన. ఇథియోపియా వాళ్లు శుక్రవారం మాంసం, పాలు ముట్టరంటే సరేనన్నాడు. ఫిలిప్పీన్సు వాళ్లు గిటారు తెస్తామంటే తెమ్మన్నాడు. పంజాబీ చప్పట్లు కొడతానంటే తనూ కొట్టాడు.

"ఎవురి పద్ధతి వాళ్లది సార్. మొదుటి సంగం పెరిగింది అట్లనే గదా" అనేవాడు.

ఈ ఒక్క పాట దగ్గర మాత్రం ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఏ ఊళ్లో అయినా, ఏ జాతివాళ్లతో అయినా మొదటి పాట అదే. కిటికీ తెరవాల్సిందే. పనిలో, ఎవరింటి మిద్దె మీదో ఏసీ బాగుచేస్తూ కూడా అదే పాట. ఉదయకిరణ్ ఒంగోలు నుంచి పాటల పుస్తకాలు తెప్పించి వెతికాడు. ఎందులోనూ లేదు.

ఇంటి దగ్గర ఎవరున్నారని ఒకసారి అడిగాడు.

"ఇంటికాడ ఎవురూ లేరు సార్" అన్నాడు పీరయ్య. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

బురైదా వచ్చి రెండేళ్లు గడిచాక హాయిల్‌కు మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. అర్జీకి జవాబు రాలేదు గానీ, జూలై ఎండలో మిద్దె మీద పనిచేస్తుండగా గుండెనొప్పి వచ్చింది. మూడో రోజు ఆస్పత్రిలో ఉదయకిరణ్ చేయి పట్టుకున్నాడు.

"కిటికీ మూయొద్దు సార్. మొదుట ఆ పాటే పాడండి. మాటియ్యి సార్."

ఉదయకిరణ్ మాటిచ్చాడు. ఆ సాయంత్రం పీరయ్య పోయాడు. కన్నతండ్రి పోయినట్టు ఏడ్చాడు ఉదయకిరణ్.

నెల తిరగకముందే పక్క వీధిలో ఎవరో ప్రార్థన చేస్తూ పట్టుబడ్డారని పంజాబీ కబురు తెచ్చాడు. గోడలకు చెవులుంటాయి. అందరి ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. ఉదయకిరణ్ ఆ వారమంతా నిద్రపోలేదు. శుక్రవారం వచ్చీరాని అరబీలో వాళ్లకు చెప్పాడు. యూదులు కానివాళ్ల మీద అనవసరమైన భారం మోపకూడదని యెరూషలేము పెద్దలు తీర్మానించారని, ఎవరి భాషలో వాళ్లు పాడితేనే సంఘం పెరిగిందని. పీరయ్యన్న దేవుడిలాంటి మనిషే, కానీ ఆ పాట ఆయన అభిమానం, దేవుడి ఆజ్ఞ కాదని.

లేచి కిటికీ మూశాడు.

ఇథియోపియా ఆమె అల్మాజ్ తన భాషలో సన్నగా పాట ఎత్తుకుంది. పాడుతూ పాడుతూ ఏడ్చేసింది. రెండేళ్లలో ఆమె అలా పాడటం ఎవరూ వినలేదు.

నాలుగు నెలల్లో ఏడుగురు ఇరవై ఒక్కరయ్యారు. ఇంకో గది వెతకాల్సి వచ్చింది. చనిపోయే మనిషికిచ్చిన మాట గుర్తొచ్చినప్పుడల్లా ఉదయకిరణ్ మూసిన కిటికీ వైపు చూసేవాడు. ఇంతమందిని కాపాడుకున్నాను, అన్న పైనుంచి చూస్తే సంతోషిస్తాడులే అని సర్దిచెప్పుకునేవాడు.

ఒక శుక్రవారం అందరూ వెళ్లిపోయాక తలుపు చప్పుడైంది. తీస్తే బురఖాలాంటి నల్లటి అబాయాలో ఒక ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి. రొప్పుతోంది.

"తెలుగోళ్లేనా సార్?"

లోపలికి రమ్మన్నాడు. ఆమె గడప దగ్గరే నిలబడింది.

"కాయితాల్లో నా పేరు పర్వీన్. ఏజెంటు రాపిచ్చిన దొంగ పేరు. అది బయటపడితే జైలే. అసలు పేరు మునిరత్నమ్మ. యుద్దంలో స్కడ్ బాంబులు పడేటప్పుడు మా కఫీలు, పనికి పెట్టుకున్న యజమాని, దమ్మామ్ ఇడిసిపెట్టి, ఉన్నపళాన నన్ను గూడా ఈడికి తెచ్చేసినాడు. మావోళ్లకు కబురు జెప్పనీల్యా. ఏడేండ్లాయ, ఆ గోడెనకాలే ఉండా. ఈ పొద్దు అందురూ పెండ్లికి పోయినారు, తాళం ఏసేది మర్సిపోయినారు."

కిటికీకి ఎదురుగా ఉన్న ఎత్తయిన ప్రహరీని చూపించింది.

"ప్రార్థనకు వచ్చారా అమ్మా?" అన్నాడు ఉదయకిరణ్.

ఆమె తల అడ్డంగా ఊపింది. గది నాలుగు మూలలా ఎవరి కోసమో చూస్తోంది.

"రెండేండ్లు ప్రతి శుక్రారం ఈ కిటికీలోంచి పాట ఇనపడతా ఉండె. నోరెత్తితే సంపేస్తారని గోడకు సెవి పెట్టుకోని ఇంటా ఉంటి. నాలుగు నెల్లాయ, ఇనపడల్యా. మా పెండ్లయిన కొత్తలో నేను కట్టిన పాట సార్ అది, మా ఆయన పీరయ్యకు దప్ప ఈ లోకంలో ఎవురికీ రాదు."