పెళ్లిచూపుల్లో రొయ్యల వేపుడు

"నువ్వు రొయ్యల చెరువులున్నోళ్ల బిడ్డవి కాదబ్బయా! ఎవురు నువ్వు?" పెళ్లిచూపుల భోజనంలోనే నిలదీశారు విజయభాస్కర్ గారు. జువ్వలదిన్నె చుట్టుపక్కల సగం చెరువులు ఆయనవే.

పెళ్లికొడుకు తింటూనే ఉన్నాడు. "ఏమైంది మావయ్యా?"

"చెరువులో ఏమేం మందులు పోస్తామో తెలిసినోడు రొయ్య ముట్టుకుంటాడా? నువ్వు మళ్లీ మళ్లీ ఏయించుకుంటివే!"

"మాకూ చెరువులుండాయి. ఇన్నేళ్లూ నేనూ ముట్టలేదు."

"మరిప్పుడెందుకు తింటుండావు?"

"ఇంటినిండా వంటోళ్లుంటే, ఈ వేపుడు మాత్రం వినీలే చేసిందంట గదా. జీవితంలో మొదటిసారంట."

విజయభాస్కర్ గారు కూతురి వైపు చూశారు. వినీల తలుపు దగ్గర చేతులు కట్టుకుని, నాన్న కంచం వైపే చూస్తోంది. అందులో పప్పన్నం తప్ప ఏమీ లేదు.

ఆయన కంచం ముందుకు జరిపారు.

"నాకూ రెండు ఎయ్యి తల్లీ!"