కొరమీను కాపలా

"గాలం తీయప్పా. పిల్లలున్న కొరమీను జోలికి మేమే పోము," అన్నాడు శివన్న, భుజాన వలతో గట్టు దిగుతూ.

కర్నూలు నుంచి వచ్చిన ఉమామహేశ్ వినిపించుకోలేదు. తుంగభద్ర పక్క మడుగులో, మోకాలి లోతు నీళ్లలో నిలబడి గాలం విసిరాడు. ఎర్రగా మసలుతున్న చేపపిల్లల గుంపులో ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఎర పడింది. కొరమీను ఎగిరి పట్టింది.

"ఇడువు దాన్ని," అన్నాడు శివన్న.

"మడుగు నీ సొత్తా? ఫోటో తీసుకుని వదిలేస్తా. ఆకలేసి కరిచింది, నీకెందుకు మంట?"

"ఆకలి యాడిది? పిల్లల మీదికి ఎవరో వచ్చినారని కరిచింది. ఆ పిల్లలు పెరిగితేనే వచ్చే ఏడు మా ఇంట్లో కూడు."

ఉమామహేశ్ నవ్వి, చేపను ఎత్తి పట్టుకుని తీరిగ్గా నాలుగు ఫోటోలు తీసుకున్నాడు. తర్వాత నీళ్లలో వదిలాడు.

"బతికే ఉంది చూడు. ఏం పోయింది?"

శివన్న నీళ్లకేసి చెయ్యి చూపించాడు.

కాపలా లేని ఆ కాసేపట్లో జెల్లచేపలు గుంపు మీద పడ్డాయి. ఎరుపు ఎక్కడా మిగల్లేదు. కొరమీను ఖాళీ నీళ్లలో అక్కడక్కడే తిరుగుతోంది.

ఉమామహేశ్ చేతిలో గాలం కర్ర వాలింది. ఈకల ఎర సరిగ్గా కొరమీను మూతి ముందు పడింది.

అది కరవలేదు.